స్టేజీ ఎక్కిన మా సొరుగుల బల్ల

మొన్న ఆదివారం మా ఇంటి బల్లకి చప్పట్లు పడ్డాయండి. నాకు చీవాట్లు పడ్డాయి. రెండూ ఒక్క సొరుగు వల్లే. టీ తాగుతూ వినండి, మధ్యలో నవ్వారంటే మాత్రం చెప్పడం ఆపేస్తాను.

నా సంగతి మీకు తెలిసిందే. చిలకలూరిపేటలో ఇరవయ్యేళ్ళుగా సోషల్ మాస్టార్ని. అది బతుకుతెరువు. అసలు పని నాటికలు చూడటం. మా ఊళ్ళో ఏటా నాటిక పోటీలు పెడతారు కదా, అందులో హాస్య నాటిక ఉందంటే ఆ రోజు నాకు అన్నం కూడా గుర్తుండదు. హాల్లో లైట్లు ఆరి, తెర కదిలిందంటే ఇక నేను ఈ లోకంలో ఉండను. జిన్నింగు మిల్లుల నించి ఎగిరొచ్చిన దూది పీచు కిటికీల్లోంచి లోపలికొచ్చి, స్టేజీ లైటు పడే చోట మెల్లగా తేలుతూ ఉంటుంది. అది చూస్తూ కూర్చుంటే నాకు నిద్రా కాదు, మెలకువా కాదు. ఆ మధ్యలో ఎక్కడో ఉంటాను.

అంత మైమరపులోనూ మార్కులు వేయడం మాత్రం మానను. జేబులో చిన్న నోటుబుక్కు ఉంటుంది. "డైలాగు బాగుంది, నటన అతి, పదికి నాలుగు." ఇలా రాసుకుని, ఇంటికెళ్ళే దారిలో మా ఆవిడ సుగుణకి చదివి వినిపిస్తాను. పాపం, వింటుంది.

ఇక అసలు సంగతి. నాకు షుగరొచ్చి ఏడాదైంది. డాక్టరు తీపి మానమన్నాడు, నేను సరేనన్నాను, అక్కడితో ఆ విషయం అయిపోయింది. ఈసారి లెంట్, అదే ఈస్టరుకి ముందొచ్చే మా ఉపవాస దినాలు, మొదలైన రోజున సుగుణ నా ఎదురుగా కూర్చుంది.

"ఈ నలభై రోజులు తీపి మానెయ్యండి. మీరు మానితే నేనూ మానేస్తాను" అంది.

ఆవిడకి షుగరు లేదు. టీలో రెండు చెంచాల పంచదార పడకపోతే ఆవిడకి తెల్లారదు. అలాంటిది ఆ పూట నించే చప్పటి టీ తాగడం మొదలుపెట్టింది. మొదటి గుక్క మింగేటప్పుడు ఆవిడ మొహం చూసి నాకు కళ్ళు చెమర్చాయి. ఇంత చేస్తోంది నా కోసం, ఇక జన్మలో తీపి ముట్టను అనుకున్నాను.

తొమ్మిది రోజులు నిలబడ్డాను. పదో రోజు బస్టాండు పక్కన మిఠాయి కొట్టువాడు నేతి మైసూరుపాకు అప్పుడే పళ్ళెంలోకి వంపుతున్నాడు. ఆ వాసనకి కాళ్ళు వాటంతటవే అటు నడిచాయి. నన్ను అడగలేదు.

ప్యాకెట్ దాచడానికి నాకో చోటుంది. పెళ్ళికి సుగుణ వాళ్ళ నాన్న ఇచ్చిన టేకు బల్ల, దానికి మూడు సొరుగులు. పై రెండూ మంచివి. కింది సొరుగు మాత్రం మొండిది, ఎంత గుంజినా రాదు. ఎడమ పక్క కాస్త ఎత్తి లాగాలి. ఆ కిటుకు నాకొక్కడికే తెలుసని నా ధీమా. పాత ఆన్సర్ పేపర్ల వెనకాల ప్యాకెట్, రోజుకో ముక్క, అయిపోతే ఇంకో ప్యాకెట్. సుగుణ వంటింట్లో చప్పటి టీ తాగుతుంటే నేను ముందు గదిలో బల్ల దగ్గర పేపర్లు దిద్దుతూ ఉండేవాణ్ణి. పరీక్షలే లేని రోజుల్లో కూడా దిద్దాను.

ఇలా ఉండగా మొన్న ఆదివారం వచ్చింది. చర్చిలో అయ్యగారు, అదే మా పాస్టరు గారు, "ఈ ఉపవాసాల్లో దేవుడు చేసిన మేలు గురించి సాక్ష్యం చెప్పేవాళ్ళెవరైనా ఉన్నారా?" అని అడిగారు. ఎవరూ లేవలేదు. నేను కిటికీకేసి చూస్తూ సాయంత్రం నాటికల గురించి కలలు కంటున్నాను. మైకు పట్టుకున్నాయన నా పక్కనే ఆగాడు. సరిగ్గా అప్పుడే కిటికీలోంచి ఎండ నా మీద పడింది. స్పాట్‌లైట్ పడ్డాక ఎవరైనా కూర్చుని ఉంటారా? లేచాను.

"ఇరవై ఆరు రోజులుగా తీపి నా నాలుకకి తగల్లేదు" అన్నాను. రెండు చేతులూ పైకెత్తాను. చివర్లో గొంతు కూడా కొంచెం వణికింది, నేనే వణికించాను. జనం స్తోత్రాలు చెప్పారు. అయ్యగారైతే "మాస్టార్ని చూసి నేర్చుకోండి" అన్నారు. ఆడవాళ్ళ వైపు సుగుణ తల దించుకుని కూర్చుంది. ఆనందంతో ఏడుస్తోంది కాబోలు అనుకున్నాను.

మధ్యాహ్నం ఇంటికొచ్చి అన్నం ముందు కూర్చున్నానో లేదో, పోటీల కమిటీ వెంకటేశ్వర్లు పరుగున వచ్చాడు.

"మాస్టారూ, కొంప మునిగింది. అద్దంకి వాళ్ళ టెంపో దారిలో చెడిపోయింది. ఆర్టిస్టులు బస్సెక్కి వచ్చేశారు గానీ సెట్ సామానంతా అక్కడే ఉండిపోయింది. మూడింటికి వాళ్ళ నాటిక. మీ సొరుగుల బల్ల ఇప్పించాలి. అది లేకపోతే వాళ్ళ కథే నడవదంట."

మా బల్ల హాస్య నాటికలో! నాకు ఒళ్ళు పులకరించింది. "బల్లేం ఖర్మ, మంచం, కుర్చీలు, గోడ గడియారం, అన్నీ పట్టుకెళ్ళు" అన్నాను.

సుగుణ చేతిలో గరిటె అలాగే పట్టుకుని, "సొరుగులు ఒకసారి చూసుకోండి" అంది.

"ఏమున్నాయే అందులో, పాత పేపర్లేగా" అన్నాను. నమ్మండి, అబద్ధం చెప్పాలని చెప్పలేదు. ఆ క్షణాన నాకు నిజంగానే గుర్తు లేదు. అప్పటికే నా కళ్ళ ముందు తెర లేచింది, బల్ల మీద లైటు పడింది, నేనెక్కడో ఉన్నాను. నలుగురు పట్టి బల్లని, మంచాన్ని, మిగతా సామాన్ని ట్రక్కు ఆటోలోకి ఎక్కించారు.

మూడింటికి హాలు నిండిపోయింది. మొదటి వరసలో అయ్యగారు, ఆ రోజు ముఖ్య అతిథి. వెంకటేశ్వర్లు మైకులో నా పేరు చెప్పి, "సెట్టంతా మాస్టారి ఇంటి సామానే" అన్నాడు. నేను లేచి నలువైపులా దండం పెట్టాను.

తెర లేచింది. ఎలా చెప్పను మీకు? పలచటి నీలం లైటులో మా ముందు గది. మా మంచం, మా గడియారం, మా బల్ల. మా ఇల్లే, కానీ ఎప్పుడో కలలో చూసిన ఇల్లులా ఉంది. ఆ బల్ల ఇంత అందంగా ఉంటుందని ఇన్నేళ్ళలో నాకు తెలియలేదు. దాని మీదుగా దూది పీచు తేలుతూ పోతోంది. నోటుబుక్కు తీయడం కూడా మర్చిపోయాను.

నాటిక కథ చిన్నదే. ఇంట్లో పెళ్ళిచూపులు. అవతలివాళ్ళు వీధి మలుపు దాకా వచ్చేశారు. తాతగారి కట్టుడు పళ్ళ సెట్టు కనపడటం లేదు. ఇల్లంతా వెతుకుతున్నారు. తాత వేషం వేసినాయన బోసి నోటితో మాట్లాడుతుంటే నా పక్కాయన నవ్వలేక కళ్ళు తుడుచుకుంటున్నాడు. కోడలు వేషం ఉన్నమ్మాయి బల్ల దగ్గరికొచ్చింది. పై సొరుగు లాగింది, వచ్చింది. రెండోది లాగింది, వచ్చింది. మూడోది లాగింది.

రాలేదు. మళ్ళీ గుంజింది, రాలేదు. నాటిక ఆగింది. ఆ అమ్మాయి మొహం మీద చెమట నాకు కనిపిస్తోంది. మంచి హాస్యం, మంచి ఊపులో ఉంది, అక్కడ ఆగిపోతే చచ్చిపోతుంది. నా ప్రాణం విలవిల్లాడింది. నేను ఎప్పుడు లేచానో నాకే తెలియదు.

"ఎత్తి లాగమ్మా! ఎడమ పక్క ఎత్తి లాగు!"

హాలంతా విన్నది. ఆ అమ్మాయి ఎత్తి లాగింది. సొరుగు దూకుడుగా వచ్చి, పాత పేపర్లు చెదిరి, ప్యాకెట్ స్టేజీ మీద పడింది. అప్పుడు గుర్తొచ్చిందండి నాకు. అప్పుడు.

ఆ అమ్మాయి గట్టి పిండం. ప్యాకెట్ విప్పి చూసి, ఒక్క క్షణం ఆలోచించి, "మావయ్యగారూ, పళ్ళు దొరకలేదు గానీ, అవి ఊడిపోవడానికి కారణం దొరికింది" అంది.

తాత చెయ్యి చాపాడు. "ఇటు పట్రా అమ్మాయ్, దీనికి పళ్ళెందుకు?" అని ఒక ముక్క నోట్లో వేసుకుని కళ్ళు మూసుకున్నాడు. "ఎవరు దాచుకున్నారో గానీ, మంచి నెయ్యి."

ఈలలు, చప్పట్లు. మొదటి వరసలో అయ్యగారు అందరికన్నా గట్టిగా నవ్వుతున్నారు. నవ్వుతూ నవ్వుతూ ఆగారు. మెల్లగా వెనక్కి తిరిగి నాకేసి చూశారు. నేనింకా నిలబడే ఉన్నాను. ఆడవాళ్ళ వైపు సుగుణ మాత్రం తిరిగి చూడలేదు.

జడ్జీలు ఆ సీనుకి ప్రత్యేక బహుమతి ఇచ్చారు. "సొరుగు బిగుసుకుపోవడం, ప్రేక్షకుల్లోంచి మాట రావడం, టైమింగ్ అద్భుతం" అన్నారు. నాకో శాలువా కప్పారు. అది కప్పింది అయ్యగారే. కప్పుతూ చెవిలో, "మాస్టారూ, నాలుకకి తగల్లేదన్నారు. సొరుగుకి తగిలిందని చెప్పలేదు" అన్నారు.

పొద్దు వాలుతుండగా ఇంటికి బయల్దేరాం. ముందు ట్రక్కు ఆటోలో మా బల్ల, మిగతా సామాను, వెనక నడుస్తూ మేమిద్దరం. ఎర్రటి ఎండ, మిరపకాయల ఘాటు, బల్ల మీద అక్కడక్కడా దూది. ఎవరినో సాగనంపుతున్నట్టుంది. ఈ రోడ్డు ఇలాగే సాగి, ఇల్లు ఎప్పటికీ రాకపోతే బాగుణ్ణని నాకు అనిపించింది. సుగుణ నాకన్నా రెండడుగులు ముందే నడుస్తోంది. నాకు నిజంగా సిగ్గేసింది. తిన్నందుకు కాదు, ఆవిడ నా కోసం తాగిన చప్పటి టీకి.

ఇల్లు వచ్చింది. బల్ల దాని చోట్లో పెట్టించి, మనుషులు వెళ్ళాక సుగుణ వంగి కింది సొరుగు పట్టుకుంది. ఎడమ పక్క ఎత్తి, ఒక్క లాగు. వచ్చేసింది.

"నీకెలా తెలుసు?" అన్నాను.

"పదో తరగతి నేను ఈ బల్ల మీదే చదివాను. జామకాయలు ఇందులోనే దాచేదాన్ని."

"అయితే ఇది కూడా..."

"మొదటి ప్యాకెట్ నించి తెలుసు. ఇవ్వాళ చెబుతారేమో, ఇవ్వాళ చెబుతారేమో అని రోజూ చూశాను. మధ్యాహ్నం సొరుగులు చూసుకోమని కూడా అన్నాను. చివరికి బల్లే చెప్పింది."

నేను శాలువాతో కూర్చున్నాను. తప్పయిపోయింది, క్షమించమన్నాను. వచ్చే ఆదివారం చర్చిలో నిలబడి నిజం చెబుతానన్నాను. ఆవిడ లోపలికెళ్ళి రెండు టీలు తెచ్చింది. తన గ్లాసులో నా ఎదురుగానే రెండు చెంచాల పంచదార వేసుకుంది. నిదానంగా కలిపింది. నాది చప్పటి టీ. ఇప్పుడు మీ దగ్గర తాగుతున్నదీ అదే.

ఒక గుక్క తాగి, నా జేబులోంచి నోటుబుక్కు తీసి ఏదో రాసి నా ముందు పెట్టింది. పొద్దుటి నా సాక్ష్యానికి ఆవిడ వేసిన మార్కులవి.

"డైలాగు బాగుంది, నటన అతి, పదికి రెండు. వచ్చే ఆదివారం చేతులు కట్టుకుని చెప్పాలి."