పసుపు పాదాలు, తెల్లద్రాక్షలు

కిందటి శ్రావణమాసంలో నేనూ మావారూ అమెరికాలో మేముండే చాండ్లర్ ఊరి నుంచి వెర్డే నది లోయలోని ఒక ద్రాక్షతోటకి సరదాగా పంట కోతకి వెళ్లాం. తోట యజమాని పియర్ గారు ఫ్రాన్స్ నుంచి వచ్చిన పెద్దాయన. కోతకి సాయం వచ్చినవాళ్ల చేత మొదటి తొట్టెడు పళ్లు వైన్ కోసం కాళ్లతో తొక్కించడం వాళ్లింటి ఆచారమట.

నడుం పట్టేసేదాకా పళ్లు కోసినా, తొక్కడానికి నేనే ముందుకొచ్చాను. "కాళ్లు బాగా స్క్రబ్ చేసి ఎక్కండి" అన్నారాయన. ముందురోజు సాయంత్రమే వరలక్ష్మీ వ్రతం పేరంటంలో ఒక ఆంటీ నా పాదాలకి దిట్టంగా పసుపు రాసింది. పేరంటం పసుపు రుద్ది కడగకూడదని మా అత్తగారి మాట. అందుకని పైపైన నీళ్లు చల్లుకుని తొట్టిలోకి దిగాను.

నాలుగడుగులు వేశానో లేదో, తెల్లద్రాక్ష రసంలో పసుపుపచ్చటి చారలు తేలాయి. పియర్ గారు నా కాళ్లు చూసి, "స్టాప్! ఆర్ యు సిక్? జాండిస్?" అని కేకపెట్టారు. చుట్టూ ఉన్నవాళ్లు గబుక్కున వెనక్కి జరిగారు. మావారు నేనెవరో తెలియనట్టు ద్రాక్షగుత్తుల్ని పరిశీలించడం మొదలుపెట్టారు.

"నో, నో! టర్మరిక్! పూజా!" అన్నాను ఏడుపుగొంతుతో. ఆయన వంగి వాసన చూసి, తొట్టెడు రసమూ ఒంపేశారు. సిగ్గుతో చచ్చిపోయాను.

ఈ ఏడాది మళ్లీ వెళ్తే తొట్టి పక్కన కొత్త బోర్డు కనిపించింది: "పూజ చేసుకుని వచ్చినవాళ్లు కాళ్లు రెండుసార్లు కడుక్కోవాలి."

అత్తగారి మాట విన్నందుకు అమెరికాలో బోర్డుకెక్కిన కోడల్ని బహుశా నేనొక్కదాన్నే!