తోడల్లుడు పెట్టిన చిల్లు

మేస్త్రికి షుగరు లేదు, బీపీ లేదు. ఉన్న జబ్బల్లా అసూయ ఒక్కటే అని ఆయన భార్య నలుగురిలోనూ చెప్పేది. అదైనా లోకంలో అందరి మీదా కాదు, ఒక్క తోడల్లుడి మీద. ఆ తోడల్లుడు, అంటే ఆవిడ సొంత చెల్లెలి మొగుడు, మేస్త్రి పనిచేసే పడవల షెడ్డులోనే చేరాడు. వచ్చిన కొత్తలో పడవల్లో బ్యాటరీలు మార్చేవాడు కాబట్టి అందరూ అతన్ని బ్యాటరీ అన్నారు, ఆ పేరే ఖాయమైంది. తర్వాత లైట్లు, వైర్‌లెస్ సెట్లు, మీటర్లు ఒక్కొక్కటే అతని చేతికి వెళ్ళిపోయాయి. ఒక్కోటి వెళ్ళినప్పుడల్లా మేస్త్రికి కడుపులో మంట కాస్త పైకెగసేది.

మేస్త్రి కుర్రతనంలో చెక్క పడవలు కట్టాడు. చెక్కకు రోజులు చెల్లాక మూతి ముడుచుకుంటూనే ఫైబర్ పని నేర్చుకున్నాడు, నేర్చుకున్నాక దాన్నీ తనే కనిపెట్టినట్టు మాట్లాడేవాడు. తను అచ్చుపోసిన పడవలు ఆయనకు పిల్లల్లాంటివి. రేవులో నడుస్తూ వాటిని అరచేత్తో తడిమి, ఎవడైనా గీత పెట్టి ఉంటే ఆ పడవ నడిపే సరంగుని పట్టుకుని దులిపేసేవాడు. అలాంటి పడవల్లో ఒకదాని సరంగు ఒకరోజు పొద్దున్నే చంకలో అట్టపెట్టె పెట్టుకుని వచ్చాడు. మేస్త్రి చెయ్యి తుడుచుకుని లేచి నిలబడ్డాడు. సరంగు ఆయన్ని దాటుకుని తిన్నగా బ్యాటరీ దగ్గరికి వెళ్ళాడు.

“లోతు మీటరు తెచ్చానయ్యా. ఇసుక మేటల మీద కూర్చుని కూర్చుని విసుగెత్తింది. నువ్వే బిగించాలి.”

పెట్టెలో పుట్టగొడుగులాంటి ప్లాస్టిక్ ముక్క ఉంది. దాని కాడ పడవ అడుగులోంచి లోపలికి రావాలి, గొడుగు బయట నీళ్ళలో ఉండాలి. నీటి లోతు కనిపెట్టేది అదే. అంటే పడవ అడుగున చిల్లు పెట్టాలి.

“చిల్లా? నా పడవకా?” అన్నాడు మేస్త్రి అక్కణ్ణుంచే.

“మీటర్ల పని అతనిది కదా మేస్త్రి గారూ. మీకెందుకు శ్రమ?” అన్నాడు సరంగు.

శ్రమట! ఆ మాట సాయంత్రం దాకా మేస్త్రి చెవిలో జోరీగలా తిరిగింది. ఇంటికి వెళ్తే అక్కడా అదే పాట. “సరంగు మా చెల్లి మొగుణ్ణే అడిగాడటగా? అతని చెయ్యి అలాంటిది మరి. మా చెల్లి వంటగదిలో లైటు చూశారా, పట్టపగల్లా ఉంటుంది” అంది భార్య. మేస్త్రి కంచంలోనే చెయ్యి కడిగేసుకుని లేచాడు.

ఆ షెడ్డులో ఒక పద్ధతి ఉంది. నీటిమట్టానికి కింద ఎవరు చిల్లు పెడితే వాళ్ళే, పడవ నీళ్ళలోకి దిగేటప్పుడు లోపల ఆ చిల్లు పక్కన ఒంటరిగా కూర్చోవాలి. అరచెయ్యి ఆనించి చూసి “పొడి” అని అరిస్తేనే పడవని మోసే బెల్టులు విప్పుతారు. ఇన్నేళ్ళూ ఆ చోటు మేస్త్రిది. ఈసారి అక్కడ బ్యాటరీ కూర్చుంటాడు. ఆయనకు అసలు పోటు అక్కడ పొడిచింది.

పని రోజున మేస్త్రి పక్కనే ఉలి నూరుతూ కూర్చున్నాడు. ఉలి ఎప్పుడో పదునెక్కింది, చూపు మాత్రం పడవ మీదే ఉంది. బ్యాటరీ ఎక్కడైనా తప్పటడుగు వేస్తాడేమోనని ఆశ. బ్యాటరీ ముందు లోపలి నుంచి సన్నటి డ్రిల్లు బిట్టుతో గుర్తు పొడిచాడు, తర్వాత బయటి నుంచి గుండ్రటి రంపంతో పెద్ద చిల్లు కోశాడు. పడవ అడుగు ఏటవాలుగా ఉంటుంది, ఆ ప్లాస్టిక్ గొడుగు మాత్రం నిటారుగా కిందికి చూడాలి. అందుకని ఆ వాలుకు తగ్గట్టు ఒక దిమ్మ కోసి పడవకీ గొడుగుకీ మధ్యలో పెట్టాడు. అతను అటు తిరగ్గానే మేస్త్రి వెళ్ళి బొటనవేలితో దిమ్మ అంచంతా తడిమాడు. వెంట్రుకంత సందు కూడా లేదు. తను కోసినా అంతకన్నా బాగా కుదిరేది కాదు. ఒళ్ళు మండిపోయింది.

బ్యాటరీ నీళ్ళు చొరకుండా సీలెంట్ పట్టించి, లోపలికొచ్చిన కాడకి నట్టు చేత్తో బిగించి, భోజనానికి వెళ్ళాడు. మేస్త్రి పడవెక్కాడు. నట్టు పట్టుకు చూస్తే ఇంకా బిగుసుకునేలా ఉంది. చేత్తో బిగించి వదిలేశాడా? చెక్క పడవల కాలంలో ఇత్తడి నట్టుని చెక్క మూలిగేదాకా పానాతో తిప్పేవాళ్ళు. మేస్త్రి పానా తెచ్చాడు. పడవ మీద ప్రేమా ఉంది, కాదనలేం. కానీ రేపు అంతా బాగుంటే “చివర్లో నేనో పట్టు పట్టాను కాబట్టి సరిపోయింది” అనొచ్చన్నది అంతకన్నా ఎక్కువుంది. సగం పేరైనా దక్కుతుంది కదా! ఒక చుట్టు తిప్పాడు, మళ్ళీ పావు చుట్టు. లోపల ఎక్కడో టిక్కుమంది. నట్టు కుదురుకుందనుకున్నాడు. పొంగిన సీలెంట్ వేలితో తుడిచేసి దిగిపోయాడు.

మర్నాడు పడవని బెల్టుల మీద ఎత్తి మెల్లగా నీళ్ళలోకి దించారు. లోపల బ్యాటరీ, గట్టు మీద మిగతా అందరూ. అందరూ “పొడి” అనే మాట కోసం చెవులు రిక్కించారు. అంతలో లోపల్నుంచి కేక.

“ఎత్తండి! నీళ్ళొస్తున్నాయ్!”

మేస్త్రికి ముందు కలిగింది సంతోషం. అబద్ధమెందుకు, పాయసం తాగినంత సంతోషం. ఆ తర్వాతే టిక్కుమన్న చప్పుడు గుర్తొచ్చింది.

పడవని మళ్ళీ పైకెత్తాక సరంగు అందరి ముందూ బ్యాటరీని నోటికొచ్చినట్టు తిట్టాడు. బ్యాటరీ తలొంచుకుని నట్టు విప్పాడు. నట్టు ఎక్కే మర పొడుగునా ప్లాస్టిక్ కాడ పగిలి ఉంది. నట్టు మీద పానా పళ్ళ గాట్లు. వాటిని వేలితో తడిమి, తలెత్తి మేస్త్రి వంక ఒక్కసారి చూశాడు.

“తప్పు నాదే” అన్నాడు సరంగుతో. “ఇది చేత్తో బిగించి వదిలెయ్యాల్సింది. పానా పెట్టాను, పగిలింది. కొత్తది నేనే తెచ్చి వేస్తాను.”

సరంగు కోపం చల్లారిపోయింది. “ఇదిగో, మనిషంటే ఇలా ఉండాలి! ఎంతమంది ఒప్పుకుంటారు చెప్పండి? మా అన్న పడవకీ నువ్వే బిగించాలయ్యా” అంటూ భుజం తట్టాడు. చుట్టూ ఉన్నవాళ్ళు తలలూపారు. ఈ ముచ్చట సాయంత్రానికల్లా ఇల్లు చేరుతుంది. మా చెల్లి మొగుడు ఎంత నిజాయితీపరుడో అని భార్య వడ్డిస్తూ వడ్డిస్తూ చెబుతుంది. మేస్త్రి ఇక ఆగలేకపోయాడు.

“పానా పెట్టింది వాడు కాదు, నేను!”

సరంగు నవ్వాడు. “తోడల్లుణ్ణి వెనకేసుకొస్తున్నారా? పెద్దమనసు మేస్త్రి గారూ మీది.”

“నా మనసు సంగతి నీకేం తెలుసు!” అని మేస్త్రి పరుగున వెళ్ళి తన పానా తెచ్చి, బ్యాటరీ చేతిలోని నట్టు లాక్కుని, పళ్ళు ఆ గాట్లలో సరిగ్గా దింపి అందరికీ చూపించాడు. అప్పుడు నమ్మారు. సరంగు మొహం తిప్పుకుని వెళ్ళిపోయాడు, అతని వెనకే మిగతావాళ్ళూ కదిలారు.

“ఎందుకు చెప్పారన్నయ్యా?” అన్నాడు బ్యాటరీ మెల్లగా. “నేను సర్దేశానుగా.”

మేస్త్రి నట్టు గుప్పిట్లోంచి వదల్లేదు. “అన్నీ నీకే పోయాయి. నేను చేసిన తప్పయినా నా పేరున ఉండనీరా” అన్నాడు.