మగ్గాలు ఆగితే తెలిసేది

పొద్దున మా కొత్తవాడ వాట్సాప్ గ్రూపులో మెసేజ్ వచ్చింది. మంగళవారం కరెంటు ఉండదట. శనివారం కమ్యూనిటీ హాల్లో కంటి పరీక్షలట. ఆ కిందే, మాకు మూడిళ్ల అవతల ఉండే సాంబయ్య కాక ఫొటో, దానికి దండ. అంత్యక్రియలు నిన్ననే అయిపోయాయి. నేను నిన్నంతా ఇంట్లోనే ఉన్నాను, అయినా తెలియలేదు.

మన వాడ దోస్తులారా, మీకు గుర్తుందా? అప్పుడు ఇంటింటా జంపఖానాల మగ్గాలే. తడి నూలు రంగు వాసన, పొద్దంతా దబదబ చప్పుడు. ఆ చప్పుడులోనే చదువుకున్నాం, ఆ చప్పుడులోనే కునుకు తీశాం. ఎవరైనా చనిపోతే ముందు ఆ ఇంటి మగ్గం ఆగేది, తర్వాత దాని పక్కది. నిశ్శబ్దం ఒక్కో ఇల్లు దాటుకుంటూ మా గడప దాకా వచ్చేది. నాయనమ్మ దారం కొట్టే పంజా కింద పెట్టి, "ఎవలు పోయిండ్రో జర చూసి రాపో బిడ్డా" అనేది. శవం లేచేదాకా వాడలో ఎవరూ మగ్గం ముట్టేవారు కాదు.

చివరి మగ్గం సాంబయ్య కాకదే. విప్పి కట్టెలకు అమ్మిన రోజు నాతో అన్నాడు: "రేపు నేను పోతే ఆపనీకి ఒక్క మగ్గం గూడ లేదు బిడ్డా." అని నవ్వాడు. నేనూ నవ్వాను.

గ్రూపులో దండం పెట్టే చేతుల బొమ్మలు వస్తూనే ఉన్నాయి. నేనూ ఒకటి పెట్టాను. దాని కిందే ఎవరో అడిగారు, కంటి పరీక్షలకు ఆధార్ కార్డు తేవాలా అని.