కనకదుర్గ మేడమ్‌కు చెప్పని మాట

నందిగామ బస్టాండులో సాయంత్రం పూట ఒకావిడ వేరుశనక్కాయలు ఉడకబెట్టి అమ్ముతుంది. గిన్నె మూత తీసినప్పుడల్లా ఉప్పునీళ్ల ఆవిరితో పాటు తడిమట్టి వాసన కూడా వస్తుంది. జగ్గయ్యపేట బస్సు కోసం నిలబడ్డప్పుడు ఆ వాసన తగిలిందంటే నాకిక బస్సు గొడవ పట్టదు. పొట్లం కొనుక్కుని, కనకదుర్గ మేడమ్ ఎదురుగా కూర్చున్నట్టే తింటూ నిలబడతాను. ఆవిడ నేను మొదట పనిచేసిన స్కూల్లో హెడ్‌మిస్ట్రెస్, పదో తరగతికి లెక్కలు చెప్పేవారు. వరండాలో ఆవిడ గొంతు వినపడితే పిల్లలే కాదు, స్కూలు బస్సు డ్రైవర్లు కూడా చొక్కా గుండీలు పెట్టుకునేవాళ్లు. ఈరోజు నేను స్కూల్ కౌన్సెలర్‌నని తలెత్తుకుని చెప్పుకుంటున్నానంటే అది ఆవిడ చలవే.

మాది జగ్గయ్యపేటలో కిరాణా హోల్‌సేల్ కొట్టు. సైకాలజీ చదివి, నందిగామ ప్రైవేటు స్కూల్లో కౌన్సెలర్‌గా చేరుతున్నానని చెబితే మా నాన్న కాటా దగ్గర్నుంచి తలెత్తి చూశాడు. "పిల్లల కబుర్లు వింటే జీతమిస్తారంట్రా? ఇక్కడ కూర్చో, ఊళ్లోవాళ్లంతా వచ్చి ఊరికే చెప్పిపోతారు" అన్నాడు. దాంట్లో ముందుముందు ఎదుగుదల ఉంటుందా అని అమ్మ బెంగ. నిజం చెప్పొద్దూ, నాకూ తెలియదు. నేను చూసి నేర్చుకోవడానికి చుట్టుపక్కల ఆ ఉద్యోగం చేస్తున్నవాళ్లే లేరు. స్కూలు యాజమాన్యం కూడా నన్ను కరపత్రంలో వేసుకోవడానికే పెట్టుకుందని చేరిన కొద్ది రోజులకే అర్థమైంది.

ఆఫీసు పక్కన ఒక గది ఇచ్చి, తలుపు మీద అందంగా బోర్డు రాయించారు. ఆ గడప తొక్కిన పిల్లవాడు లేడు. వాళ్లలో వాళ్లు దాన్ని పిచ్చిడాక్టరు గది అనుకుంటున్నారనీ, మంచినీళ్లకు పోవాలన్నా అటు కాకుండా చుట్టు తిరిగి పోతున్నారనీ తరవాత తెలిసింది. నేను ఈగలు తోలుకుంటూ కూర్చునేవాణ్ణి. ఒకరోజు ఇంటర్వెల్ బెల్లు కొట్టగానే మేడమ్ స్టీలు గిన్నె పట్టుకుని వచ్చి, తలుపు బార్లా తెరిచి, నా ఎదురు కుర్చీలో కూర్చున్నారు.

"తినవయ్యా శ్రీనివాసూ. ఇంట్లో ఉడకబెట్టినవే" అంటూ శనక్కాయలు ముందుకు తోశారు.

"ఏమన్నా పనుందా మేడమ్?"

"ఇదే పని. నేనూ ఈ గదికొస్తానని పిల్లలు చూడాలి. మేడమ్‌కి కూడా పిచ్చేననుకుంటారు, అనుకోనీ. నీకొచ్చిన నష్టమేంటి?"

అది మొదలు రోజూ ఇంటర్వెల్‌కి వచ్చేవారు. మొదట్లో కాయలు ఒలుచుకుంటూ ఊరికే కూర్చునేవారు. పోను పోను మోకాళ్ల నొప్పుల గురించి, రిటైరయ్యాక ఏం తోస్తుందోనన్న దిగులు గురించి చెప్పడం మొదలుపెట్టారు. పిల్లలు తలుపు దగ్గర తచ్చాడేవాళ్లు. చివరికి ఏడో తరగతి పిల్ల ఒకతి ధైర్యం చేసి లోపలికొచ్చి, "మా మేడమ్‌కి ఏమైంది సార్?" అని గుసగుసగా అడిగింది. ఏమీ కాలేదని చెప్పి కూర్చోబెడితే, కాసేపటికి తన సంగతి తనే చెప్పుకుంది. ఆ పిల్ల వెనక ఇంకొకరు, వాళ్ల వెనక ఇంకొకరు. ఆ ఏడు గడిచేసరికి నాకు టిఫిను తినే తీరిక కూడా దొరకలేదు.

అలా పిల్లల్ని నా దగ్గరకు చేర్చిన మనిషికీ నాకూ మరుసటి ఏడు పేచీ వచ్చింది. పదో తరగతిలో చెవిటికల్లు నుంచి వచ్చే కుర్రాడు ఒకడుండేవాడు. పేరు చెప్పను. లెక్కల్లో మేడమ్‌కే ఎదురు ప్రశ్నలు వేసే రకం. వచ్చే ఏడాది హైవే పక్కన పెట్టబోయే ఫ్లెక్సీ మీద మధ్యలో వాడి ఫొటోయేనని యాజమాన్యం అప్పుడే లెక్కలు వేసుకుంది. వాళ్ల నాన్న విజయవాడలో ఒక రెసిడెన్షియల్ కాలేజీలో సీటు కూడా మాట్లాడేశాడు. అలాంటివాడు ప్రీఫైనల్‌లో లెక్కల పేపరు ఖాళీగా ఇచ్చి వెళ్లిపోయాడు.

మేడమ్ వాణ్ణి నా దగ్గరకు పంపించారు. వాడు కూర్చుని, పేపరు ఎందుకు ఖాళీగా ఇచ్చాడో చెప్పాడు. ఎవరికీ చెప్పొద్దని నా చెయ్యి పట్టుకున్నాడు. ప్రాణం మీదికి వచ్చే సంగతైతే దాచకూడదన్నది మా వృత్తిలో నియమం. ఇది అలాంటిది కాదు. చెప్పనని మాటిచ్చాను.

సాయంత్రం మేడమ్ తన గదికి పిలిచారు. "ఏమన్నాడు?"

"అది చెప్పకూడదు మేడమ్."

"నాకు కూడానా?"

"మీక్కూడా."

"ఇంతమంది పిల్లల్ని నీ గదికి పంపింది నేను! నాకు చెప్పకపోతే ఇంకెవరికి చెబుతావ్? ఇంక నువ్వుండి ఏం లాభం?"

మా స్టాఫ్‌రూమ్‌లో ఎవరి నోట్లోనూ నువ్వుగింజ నానదు. ఈ మాట మేడమ్ గది దాటితే తెల్లారేసరికి చెవిటికల్లు చేరుతుంది. "మీతో చెబితే వాడే కాదు, రేపట్నుంచి ఒక్కరూ రారు మేడమ్. మీరు కూర్చుని కూర్చుని తెరిపించిన తలుపది" అన్నాను. ఆవిడ ముఖం ఎర్రబడింది. వెళ్లమన్నట్టు చెయ్యి ఊపారు. మర్నాడు ఇంటర్వెల్‌కి రాలేదు. ఎదురు కుర్చీ ఖాళీగా ఉంటే నా ఉద్యోగం పోయినట్టేననిపించింది, కొట్లో పప్పు బస్తాల మధ్య కూర్చున్నట్టు కల కూడా వచ్చింది.

ఆ మర్నాడు, ఖాళీ పేపరు సంగతి తెలిసి, కుర్రాడి నాన్న మేడమ్ గదికి వచ్చాడు. మిర్చి కోతల మధ్యలో పని వదిలి, తుండుగుడ్డ భుజాన వేసుకుని వచ్చాడు. స్కూలు నడిపే కరస్పాండెంట్ గారు కూడా వచ్చి కూర్చున్నారు. "మావోడు ఈ సారుకేదో చెప్పాడంట గదండీ. ఏందో చెప్పమనండి" అన్నాడాయన. అందరూ నా వైపు చూశారు. మేడమ్ ఒక్క మాటతో నన్ను వాళ్లకు అప్పగించేయవచ్చు.

"ఆయన చెప్పరండీ" అన్నారు మేడమ్. "నేనడిగినా చెప్పలేదు. మా స్కూల్లో పిల్లలు కౌన్సెలర్‌కి చెప్పింది మేం ఎవరికీ చెప్పం. మీ అబ్బాయినే పిలుస్తాను. మీరు అరవకుండా, మధ్యలో అడ్డం పడకుండా వినగలరా?"

ఆయన తల ఊపాడు. మేడమ్ లేచి తన కుర్చీలో ఆయన్ని కూర్చోబెట్టారు. కుర్రాణ్ణి లోపలికి పంపి, కరస్పాండెంట్ గారిని కూడా బయటికి తీసుకొచ్చి తలుపు వేశారు. ఆయన ఆఫీసులోకి వెళ్లిపోతే, సైకిల్ స్టాండు నీడలో మేడమూ నేనూ నిలబడ్డాం. ఆవిడ శనక్కాయల గిన్నె తెరిచి నా వైపు చాపారు. నేను రెండు కాయలు తీసుకుని ఒలిచాను.

చాలాసేపటికి తండ్రీకొడుకులు బయటికొచ్చారు. తండ్రి కళ్లు ఎర్రగా ఉన్నాయి. "విజయవాడ వద్దండీ. ఇక్కడే నందిగామలో ఏస్తా, ఇంటికాడ్నించి వచ్చిపోతాడు" అన్నాడు. ఎందుకో ఆయనా చెప్పలేదు, మేడమూ అడగలేదు. వాడు పబ్లిక్ పరీక్షలు బాగా రాశాడు. అడిగితే చెప్పని కౌన్సెలర్ మనకెందుకని కరస్పాండెంట్ గారు నా ఉద్యోగానికి ఎసరు పెట్టబోతే, "ఫ్లెక్సీలు మీరు చూసుకోండి, వాటి మీదికెక్కే పిల్లల్ని మేం చూసుకుంటాం" అని మేడమే అడ్డుపడ్డారు.

ఇప్పుడు జగ్గయ్యపేట, నందిగామల్లో మూడు స్కూళ్లు నన్ను పిలుస్తున్నాయి. కొత్తగా కౌన్సెలింగ్ చదివినవాళ్లకు నేనే పని నేర్పుతున్నాను. ఈ ఉద్యోగానికి భవిష్యత్తుందా సార్ అని వాళ్లడిగితే నాకు నవ్వొస్తుంది. ఉంది, బ్రహ్మాండంగా ఉంది. ఇంట్లో మాట్లాడే తీరిక ఎవరికీ లేకుండా పోయింది, పిల్లలకు చెప్పుకోవాల్సినవి మాత్రం పెరిగాయి. జీతాలు ఇంకా పెరగాలి, పెరుగుతాయి కూడా. మా నాన్న ఇప్పుడు కొట్టుకొచ్చిన వాళ్లకు, "మీ పిల్లాడు అన్నం తినట్లేదా? మావాడికి చూపించండి" అని సలహా ఇస్తున్నాడు.

నిరుడు ఎండల్లో మేడమ్ ఒంట్లో బాగాలేదని తెలిసి చూడబోయాను. మంచం మీద చిక్కిపోయి ఉన్నారు. పాత సంగతులు దొర్లాక, ఇంట్లోవాళ్లు అవతలికి పోయేదాకా ఆగి, గొంతు తగ్గించి అడిగారు.

"శ్రీనివాసూ, ఆ చెవిటికల్లు పిల్లాడు ఆరోజు ఏమన్నాడయ్యా? ఇన్నేళ్లయింది. నేనింక ఎవరికి చెబుతాను, చెప్పు."

ఏదో ఒకటి చెప్పి ఆ కోరిక తీర్చేద్దామనిపించింది.

"చెప్పకూడదు మేడమ్" అన్నాను.

దిండు పక్కన ఉన్న నా చేతిని గట్టిగా నొక్కారు. "గట్టివాడివేరా" అన్నారు. అన్నేళ్లలో ఆవిడ నన్ను 'రా' అనడం అదొక్కసారే.

వానలు మొదలయ్యేలోపే ఆవిడ పోయారు. నన్ను పరీక్షించడానికి అడిగారో, నిజంగానే తెలుసుకోవాలని అడిగారో నాకిప్పటికీ తెలియదు. తలచుకుంటే ఏడుపొస్తుంది. కానీ ఆవిడే తిరిగొచ్చి మళ్లీ అడిగినా నేను చెప్పను.