పన్నెండు టోపీలు

సైకిలు చక్రం ఒక్కసారి తిప్పి జబ్బెక్కడుందో చెప్పేసే మనిషి ఆమె. ముప్పై ఏళ్ల అనుభవం మరి. వేళ్లకెప్పుడూ గొలుసు గ్రీజే కాబట్టి అద్దె కరెంటు సైకిళ్ల షెడ్డులో అందరూ గొలుసక్క అంటారు. పారేయడమన్నది ఆమె ఒంట్లో లేదు. తెగిన ట్యూబు ముక్కక్కూడా ఏదో ఉద్యోగం వెతుకుతుంది.

అక్కడ ప్రతి సైకిలుకీ సీటు కింద అగ్గిపెట్టెంత సెన్సారు ఉంటుంది. బ్యాటరీ వేడెక్కినా, బ్రేకు వదులైనా అది తీగ లేకుండానే పక్క సైకిలు చెవిన వేస్తుంది. అలా ఒకదాన్నుంచి ఒకటి అందుకుని స్తంభం మీది పెట్టెకి, అక్కణ్నుంచి ఆఫీసుకి చేరుతుంది కబురు. ఆసుపత్రి వెనక స్టాండులో పన్నెండు సైకిళ్లు మాత్రం నాలుగు రోజులుగా నోరు మెదపడం లేదు. సాయంత్రంలోగా తేలకపోతే స్టాండే ఎత్తేస్తామంది ఆఫీసు. ఆ ఆసుపత్రిలోనే ఊడ్చే అక్క చెల్లెలికి మోకాలు అరిగిపోయింది. సైకిలు లేకపోతే ఇంటికి ముప్పావుగంట కుంటుకుంటూ నడవాలి.

ఆఫీసు ఇంజనీరమ్మాయిని వెంటబెట్టుకుని అక్క బయల్దేరింది.

"మీ పెట్టెలే పాడయ్యుంటాయి. నా సైకిళ్లకేం రోగం లేదు," అంది దారంతా.

స్టాండులో మొదటి సైకిలు సెన్సారుకున్న టోపీ విప్పింది. వాన తగలకుండా, విడిభాగాలు చుట్టొచ్చే వెండిరంగు రేకుతో తనే ముచ్చటపడి కుట్టిన టోపీ అది. నాలుగు రోజుల కిందటే పన్నెండింటికీ తొడిగింది. విప్పగానే ఇంజనీరు ఫోనులో పచ్చచుక్క వెలిగింది. తొడిగితే ఆరిపోయింది. అక్క మళ్లీ విప్పి, మళ్లీ తొడిగి చూసింది.

"రేకు సిగ్నల్ని బయటికి పోనివ్వదక్కా," అంది ఇంజనీరు నెమ్మదిగా. "పోన్లే, నెట్‌వర్కులో ఏదో లోపమని రాసేస్తాను."

"అలా రాస్తే ఈ చోటే బాలేదని ఎత్తేస్తారు. గొలుసక్క చేసిన పనని రాయి. చెడగొట్టింది నేను, బాగుచేసేదీ నేనే."

ముప్పై ఏళ్లలో తన తప్పు ఒప్పుకోవడం అదే మొదలు. గొంతు మాత్రం ఎప్పటిలాగే ఖంగుమంది. టోపీలన్నీ ఊడాక ఇంజనీరు అలాగే రాసి పంపింది. స్టాండు ఉంచుతామని జవాబొచ్చింది.

పని దిగిన చెల్లెలు ఏడో సైకిలెక్కుతూ అడిగింది, "ఏంటక్కా, ఇక్కడున్నావు?"

"నీ బ్రేకు చూద్దామని. వెళ్లు."

ఇంజనీరు ఫోనులో ఏడో చుక్క మలుపు తిరిగి ఇంటిదారి పట్టింది.

"కుంటడం లేదు చూడు," అంది అక్క. కళ్లు తుడుచుకుంటే బుగ్గ మీద గ్రీజు అంటింది. టోపీలు పన్నెండూ మడిచి సంచిలో వేసుకుంది.