రాక్ అండ్ రోల్ తాతగారికి నా పదకొండు పేజీల పరిచయం

కెనడాలోని విన్నిపెగ్‌లో చదువుకునే ఆ రోజుల్లో, మనుషులను పలకరించడం కంటే వాళ్ళ జీవితచరిత్రలు చదవడం సులువనుకునేదాన్ని. పుస్తకం మనల్ని తిరిగి ప్రశ్నలడగదు కదా. క్లాసులో వెనక వరస, బస్సులో కిటికీ సీటు, గదిలో డైరీ. కొన్ని రోజులు నా గొంతు నాకే వినిపించేది కాదు. (బస్సు దిగేటప్పుడు డ్రైవర్‌కు చెప్పే థాంక్యూ కూడా ముందు మనసులో రిహార్సల్ చేసుకునేదాన్ని.) పార్ట్‌టైమ్ పని కూడా లైబ్రరీలోనే చూసుకున్నాను. ఒకరోజు అక్కడి లైబ్రేరియన్ మేడమ్, "శనివారం ఆయన మన దగ్గర పాడుతున్నారు. నువ్వు పరిచయం చేస్తావా?" అంది. ఆయనంటే ఒకప్పుడు ఈ దేశాన్నంతా ఊపేసిన రాక్ అండ్ రోల్ గాయకుడు, ఇప్పుడు ఎనభై దగ్గర పడ్డ తాతగారు. కాదనడానికైనా నోరు తెరవాలి కాబట్టి తలూపేశాను. తర్వాత భయం, దాని వెనకే ఒక ఆశ: ఈ ఒక్కసారి తడబడకుండా మాట్లాడితే, ఈ ఊళ్ళో నలుగురికైనా నేనున్నానని తెలుస్తుంది.

పరిచయమంటే మా గుంటూరు సభల్లో చూసిందే నాకు తెలుసు: ముఖ్య అతిథి పుట్టిన ఊరు, తల్లిదండ్రులు మొదలుకొని అన్నీ చెప్పి, చివర శాలువా కప్పడం. ఆయన మీద దొరికిన మూడు పుస్తకాలూ చదివి పదకొండు పేజీలు రాశాను. నా రూమ్మేట్ వరంగల్ అక్క అది చూసి, "గంత పొడుగు ఎవలింటరే పిల్లా? ఆయన పాడనీకి వస్తుండా, నీ పాఠం ఇననీకి వస్తుండా?" అంది. నేను వింటేగా!

మైకు ముందు తలెత్తితే ఆగిపోతానని, ఆగితే మళ్ళీ మొదలుపెట్టలేనని, తల దించుకునే చదివాను. గోధుమ పొలాల మధ్య పుట్టడం, పన్నెండో ఏట పాత గిటారు, డొక్కు వ్యానులో ఊరూరా తిరగడం, మొదటి రికార్డుతో వచ్చిన పేరు, తాగుడుతో పోయి మళ్ళీ తిరిగొచ్చిన గొంతు... ఆ ఊపులో రెండు విడాకులు కూడా చదివేశాను. "మూడమ్మా," అన్నారు తాతగారు వెనక కుర్చీలోంచి. హాలు గొల్లుమంది. నేను మాత్రం చివరి పేజీ దాకా చదివి, అమ్మ చలికి కప్పుకోమని పెట్టిన శాలువా ఆయన భుజాల మీద కప్పాను. (విన్నిపెగ్ చలికి అది దోమతెరతో సమానమని అమ్మకు చెప్పలేదు.)

ఆయన మైకు అందుకుని, "మా వాళ్ళు పుట్టుక నుంచి ఇంత వివరంగా చదివేది శవపేటిక పక్కనే. నేనింకా ఉన్నానా అని ఒకసారి గిల్లుకున్నాను," అన్నారు. నా చెవులు వేడెక్కిపోయాయి. నవ్వులు ఆగాక నా వైపు తిరిగి, "నా కూతురికి కూడా ఇందులో సగం తెలియదమ్మా. ఇంతకీ నా పాటల్లో నీకేది ఇష్టం?" అని అడిగారు.

ఒక్క పాట కూడా వినలేదు. వినాలని తట్టనే లేదు.

"పుస్తకాలే చదివానండీ," అన్నాను. మళ్ళీ నవ్వులు. ఈసారి ఆయన నవ్వలేదు. నా పేరడిగి, రెండుసార్లు తప్పుగా, మూడోసారి సరిగ్గా పలికి, "ఇది ఆమె కోసం," అని శాలువా తీయకుండానే పాట ఎత్తుకున్నారు. ముందు వరసలో ఒకావిడ పక్క కుర్చీ మీదున్న తన కోటు తీసి నాకు చోటిచ్చింది. పాటంతా నా మోకాలి మీద తాళం వేసింది. వెళ్ళేటప్పుడు, "మళ్ళీ కలుద్దాం," అంది. తలూపాను.

మళ్ళీ కలవలేదు. ఇన్నేళ్ళ తర్వాత నా డైరీ తీస్తే అందులో ఆవిడ 'కోటు ఆవిడ'గానే ఉంది. ఆవిడ మీద పుస్తకమేదీ లేదు మరి, పేరు అడిగి తెలుసుకోవాల్సిందే. పిచ్చిపిల్ల, అడగలేదు.