మాస్టారికి వినిపించిన తంబూరా

1936 జూన్‌లో నన్ను తాడేపల్లిగూడెం ఆసుపత్రి నుంచి కొల్లేరు ఒడ్డునున్న ఒక చిన్న డిస్పెన్సరీకి బదిలీ చేశారు. హోదా సబ్ అసిస్టెంట్ సర్జన్. ఎల్.ఎం.పి. చదివినవాళ్లకు దొరికే మొదటి మెట్టు అది. పేరులో సర్జనని ఉన్నా అక్కడ నేను కోసినవి సెగ్గడ్డలు తప్ప మరేమీ లేవు. వానలు పడ్డ దగ్గర్నుంచి చలికాలం చివరిదాకా వచ్చేవాళ్లలో ఎక్కువమంది చలిజ్వరం వాళ్లే. అందరికీ ఒకటే మందు, క్వినైను మిక్స్చరు. కాంపౌండరు కాగితాన్ని మెట్లుగా కత్తిరించి సీసాకి అంటించేవాడు. ఒక్కో మెట్టు ఒక్కో మోతాదు. చదువు రానివాళ్లకి కూడా ఆ లెక్క తెలిసేది.

ఆ ఊళ్లో నాకు కాలక్షేపం ఆదివారాలే. ఉండి వైపు నుంచి వచ్చి అక్కడ వరిసేద్యం చేసుకుంటున్న సూర్యనారాయణరాజు గారి దగ్గర గ్రామఫోను ఉండేది. మధ్యాహ్నం ఆయన అరుగు మీద ముగ్గురం చేరేవాళ్లం. మూడోవారు దేవదానం మాస్టారు. మిషన్ బడికి హెడ్మాస్టరు, ఊరి బ్రాంచి పోస్టుమాస్టరు కూడా ఆయనే. చర్చిలో పాటల బృందాన్ని నడిపేది ఆయనే. పోయిన ఆదివారం నుంచి ఎవరు కొత్తగా ఏం విన్నారో ముందు చెప్పాలని మాలో మేం పెట్టుకున్న కట్టడి. గ్రామఫోను ప్లేటే కానక్కర్లేదు. ఏలూరు స్టేషన్లో తత్వాలు పాడే గుడ్డాయన గొంతు గురించి నేను చెప్పేవాణ్ణి. ఊడ్పుల్లో ఆడవాళ్లు పాట ఎక్కడ మలుపు తిప్పారో రాజు గారు చెప్పేవారు. మాస్టారు చెప్పడంతో ఆగరు, పాడి చూపించేవారు. పడవవాళ్ల దగ్గర ఒక్కసారి విన్న పాటను కూడా స్వరం తప్పకుండా అప్పజెప్పేవారు. మా ముగ్గురిలో చెవి అంటే ఆయనదే.

అక్టోబరులో మాస్టారికి జ్వరం పట్టుకుంది. మిక్స్చరు రాసిచ్చాను. నాలుగు రోజుల్లో లేచి తిరిగారు. మళ్లీ రాకుండా మరికొన్నాళ్లు తాగమని చెప్పాను. ఆ తర్వాత రెండు ఆదివారాలు ఆయన కొత్తగా విన్నదేమీ లేదన్నారు. నీరసం అనుకున్నాను.

నవంబరు చివర రాజు గారు ఏలూరు వెళ్లి ఒక ఫిడేలు ప్లేటు తెచ్చారు. ముల్లు మార్చి, కీ ఇచ్చి పెట్టారు. మాస్టారు కళ్లు మూసుకుని విన్నారు. అయిపోయాక, "కింద స్వరాలు బాగున్నాయండీ. పైకి వెళ్లేసరికి ఫిడేలు వినపడ్డం లేదు. తంబూరా ఒకటే మోగుతోంది. ప్లేటు అరిగిపోయినట్టుందండీ" అన్నారు.

రాజు గారి మొహం చిన్నబోయింది. "కొత్త ప్లేటండీ మాస్టారూ. ఇందులో తంబూరా ఎక్కడుందండీ?"

"ఇప్పుడూ మోగుతోంది కదండీ" అన్నారు మాస్టారు.

గ్రామఫోను అప్పటికే ఆగిపోయింది. రాజు గారు ఇది వేళాకోళమనుకున్నారు. ప్లేటును గుడ్డలో చుట్టుకుని లోపలికి వెళ్లిపోయారు. నాకు మాత్రం అది వేళాకోళం అనిపించలేదు. క్వినైను ఎక్కువైతే చెవుల్లో మోత పుడుతుంది, ముందుగా పై స్వరాలు పోతాయి. ఇది నేను పరీక్షలో రాసి పాసైన సంగతి.

మర్నాడు బడి వదిలాక వెళ్లి నా జేబు గడియారం ఆయన చెవి దగ్గర పెట్టి చూశాను. మామూలు మనిషికి మూరెడు దూరంలో వినిపించే టిక్కు, ఆయనకి చెవికి ఆనిస్తే గాని తెలియలేదు. మందు ఎంత తాగుతున్నారని అడిగాను.

"మీరు చెప్పినట్టే, పొద్దున ఒక మెట్టు, సాయంత్రం ఒక మెట్టు. దాంతోపాటు పోస్టాఫీసు పొట్లాలు కూడా."

అప్పట్లో పోస్టాఫీసుల్లో క్వినైను పొట్లాలు అమ్మేవారు. ఆ ఊళ్లో అమ్మేది ఆయనే. క్రిస్మస్ పాటల సాధన మధ్యలో జ్వరం తిరగబెడితే బృందం చెదిరిపోతుందని, నెలరోజులుగా రోజూ కొనుక్కుని మింగుతున్నారు. ఇంకేమైనా వాడుతున్నారా అని నేను ఒక్కసారీ అడగలేదు.

ఉన్న విషయం చెప్పాను. ఆయన తన చెవుల గురించి ఏమీ అడగలేదు. "అయితే మార్తమ్మ గొంతు సరిగ్గానే ఉందన్నమాట" అన్నారు.

మార్తమ్మ నాట్లకీ కోతలకీ వెళ్లే మనిషి. బృందంలో పై స్వరం ఆవిడదే. మూడు వారాల కిందట గొంతు పైకి వెళ్లడం లేదని మాస్టారు అందరి ముందూ ఆవిణ్ణి పక్కకి తప్పించారట. ఆవిడ ఆ తర్వాత చర్చికి రావడమే మానేసింది.

క్వినైను ఆపేశాం. ఊరికే ఆపితే జ్వరం తిరగబెడుతుంది. ఏలూరులోని జిల్లా వైద్యాధికారికి జరిగినది జరిగినట్టు, నేను అడగని సంగతితో సహా రాసి, క్వినైనుకు బదులుగా చలిజ్వరానికి కొత్తగా వచ్చిన పసుప్పచ్చ బిళ్లలు పంపమని కోరాను. ఆయన మందలిస్తూ ఒక వాక్యం రాశారు, బిళ్లలు పంపారు. వాటితో మాస్టారి ఒళ్లు పచ్చబడింది. పెళ్లికొడుకు కళ వచ్చిందని రాజు గారు నవ్వారు. ఆయనకి సంగతి అంతకుముందే నేను చెప్పాను. విన్న సాయంత్రమే ఆయన ప్లేటు పట్టుకుని మాస్టారింటికి వెళ్లారు.

మార్తమ్మ దగ్గరికి మాస్టారు ఒక్కరే వెళ్లబోయారు. నా తప్పు కూడా ఉందని నేనూ వెళ్లాను. ఆవిడ కళ్లంలో ధాన్యం తూర్పారబడుతోంది.

"నీ గొంతులో లోపం లేదమ్మా. నా చెవి చెడింది. తెలియక నిన్ను అందరిలో చిన్నబుచ్చాను. క్షమించమ్మా" అన్నారు మాస్టారు.

ఆవిడ చేట దించి, "అందరిముందూ అన్నారు కదండీ. ఆ మాట కూడా అందరిముందే చెప్పండి. వస్తాను" అంది.

ఆ తర్వాతి ఆదివారం ఆయన చర్చిలో నిలబడి చెప్పారు. క్రిస్మస్ నాడు నేనూ రాజు గారూ వెనక వరసలో కూర్చున్నాం. బృందాన్ని నడిపించింది మార్తమ్మ. మాస్టారు హార్మోనియం దగ్గర కూర్చుని, పై స్వరం వచ్చినప్పుడల్లా ఆవిడ పెదవుల కేసి చూసి మెట్లు నొక్కారు.

ఫిబ్రవరికల్లా మోత తగ్గింది. వినికిడి చాలావరకు తిరిగొచ్చింది గాని పూర్తిగా రాలేదు. ఫిడేలు పై స్థాయి ఆయనకి మళ్లీ స్పష్టంగా వినపడలేదు. నేను అక్కడున్న మిగతా రెండేళ్లూ ఆ భాగం వచ్చినప్పుడు రాజు గారు స్వరం పోకడను వేలితో గాలిలో గీసి చూపించేవారు.

చీటీలో నేను రాసినదీ, రోగి మింగినదీ ఒకటే అనుకోవడం నా పొరపాటు. ఆ తర్వాత ఉద్యోగం చేసినన్నాళ్లూ, చదువుకున్నవారని, స్నేహితులని చూడకుండా, ఇంకెక్కడి మందైనా వాడుతున్నారా, చెవుల్లో మోత ఉందా అని అడిగి, జవాబు రిజిస్టరులో రాసుకున్నాకే క్వినైను ఇచ్చాను. కాంపౌండర్లు ఆలస్యమవుతోందని విసుక్కునేవారు. ఆలస్యమైన మాట నిజమే.